ఇల్లు, దిక్కులు, ఇరుగుపొరుగు
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చదివిన ఉపన్యాసము)



మన గ్రంథాలయములో పాఠకులు ఎక్కువగ తీసికొనిపోవు పుస్తకము లేవని మొన్న గ్రంథపాలకులను అడిగితిని. నవలల తరువాత వాస్తు పుస్తకములేనని వారు చెప్పి, అందొకదానిని తెచ్చి చూపిరి. అట్ట ఊడియున్నది. ఈశాన్యమును గూర్చిన పుట వ్రేళ్ల మురికితో నల్లబడినది. ఆగ్నేయపు పుటలో ఎవరో పెన్సిలుతో తమ యింటి కొలతలు వేసికొని, చివర ఒక ప్రశ్నార్థకము నుంచిరి. పుస్తకములపై గీతలు గీయరాదని గోడమీద వ్రాసియున్నను, ఆ గీతను చూచి నాకు కోపము రాలేదు. ఆ ప్రశ్నార్థకమునకు నాకు తోచిన సమాధానమే ఈనాటి నా ఉపన్యాసము.

నేను సిద్ధాంతిని కాను. ఇండ్లు కట్టించు పనిలో నలువదేండ్లు గడపినవాడను. తెనాలి, బాపట్ల, రేపల్లె, ఈ మూడూళ్ల నడుమనున్న పల్లెలలో పునాదిగోతులు చాల చూచితిని. వాస్తుశాస్త్రము సత్యమా, అసత్యమా యను వాదమునకు దిగను. ఆ వాదములో గెలిచినవారిని ఇంతవరకు చూచి యెరుగను. కొత్తగ ఇల్లు కట్టదలచినవారును, ఉన్న యింటిని మార్చదలచినవారును, గోడమీద గునపము వేయుటకు ముందు చూడవలసిన సంగతులు కొన్ని కలవు. వానిని మాత్రము చెప్పెదను.

వాస్తువనగా నివాసస్థానము. ఈ విద్యకు మనకు గల గ్రంథములు అల్పమైనవి కావు. ఆరవ శతాబ్దివాడైన వరాహమిహిరుడు బృహత్సంహితలో వాస్తువిద్యకు ఒక అధ్యాయమును, భూగర్భజలమును కనుగొను విధమునకు దకార్గళమను మరియొక అధ్యాయమును కేటాయించెను. పదునొకండవ శతాబ్దిలో భోజరాజు పేరిట సమరాంగణ సూత్రధారము వెలసినది. మయమతము, మానసారము దక్షిణదేశపు శిల్పులకు ప్రమాణగ్రంథములు. స్థలమును 64 గళ్లుగనో 81 గళ్లుగనో విభజించి, నడిమి భాగమును బ్రహ్మస్థానమని విడిచి, ఎనిమిది దిక్కులందు దిక్పాలకులను నిలుపుట ఈ విద్యకు మూలము. మన పాత మండువా లోగిలిలో ఆకాశమునకు తెరచియున్న మండువా ఆ బ్రహ్మస్థానమును తలపించును. వాన అందే కురియును, వెలుగు అందుండియే వచ్చును, వేడిగాలి అందుండియే పైకి పోవును.

అంతటి విద్యలో నేడు మనచేతికి మిగిలినది నాలుగు ముక్కలు: ఈశాన్యమున నుయ్యి, ఆగ్నేయమున పొయ్యి, నైరుతిని బరువు, వాయవ్యమున మరుగుదొడ్డి. చిన్నపిల్లవానికైనను ఇవి కంఠపాఠమే. కంఠపాఠమైన దానిని మరల ఎవరును ప్రశ్నింపరు. చిక్కంతయు అక్కడనే వచ్చినది.

ఈ నాలుగు ముక్కలకు తోడుగ కొంతకాలమునుండి మరియొక విద్య మన అంగళ్లలోనికి వచ్చినది. తెనాలి బజారులో బహుమతి వస్తువుల దుకాణమునకు పోయినచో, పొట్టమీద చేయివేసికొని నవ్వుచున్న లావుపాటి బుద్ధుడు, నోట నాణెముంచుకొన్న మూడుకాళ్ల కప్ప, గుమ్మమునకు వ్రేలాడగట్టు గాలిగంటలు, గాజుగిన్నెలో వెదురుమొక్క కనిపించును. ఇవి ఫెంగ్ షుయి వస్తువులని అమ్మువారు చెప్పుదురు. ఆ మాట చీనా భాషలోనిది. ఫెంగ్ అనగా గాలి, షుయి అనగా నీరు. నాలుగవ శతాబ్దివాడైన గువో పు అను పండితుని పేరిట నున్న గ్రంథమొకటి ఈ విద్యకు ఆధారము. అది ఇండ్లను గూర్చినది కాదు, సమాధులను గూర్చినది. మృతులకు మంచిచోటు చూచుటతో బాగుగ పెరిగిన విద్య అది. ఈ సంగతి చెప్పినచో ఆ కప్పను కొనువారు ఎందరుందురో!

పేరు మాత్రము నాకు మిక్కిలి నచ్చినది. గాలి, నీరు. ఇల్లు కట్టువాడు చూడవలసినవి ఈ రెండే. ఆ దేశమువారు తమ గాలిని, తమ నీటిని చూచికొని సూత్రములు చేసికొనిరి. ఉత్తర చీనాలో శీతకాలమున సైబీరియా వైపునుండి ఎముకలు కొరుకు గాలి దుమ్ముతో వీచును. కావున ఇంటి వెనుక, ఉత్తరమున, కొండ అడ్డముండవలె ననిరి. దక్షిణమునుండి వచ్చు ఎండ వారికి ప్రాణము. కావున ఇల్లు దక్షిణముఖముగ నుండి, ఎదుట నీరుండుట శ్రేష్ఠమనిరి. పీకింగు నగరపు పాత చతుశ్శాల గృహములు దక్షిణమునకే తిరిగియుండును. వాని వీధివాకిలి ఆగ్నేయపు మూలన పెట్టుట అచ్చటి ఆచారము. మన సిద్ధాంతులకు ఆగ్నేయపు వాకిలి యన్నచో తల అడ్డముగ ఊగును. మనకు నీరు ఈశాన్యమున, వారికి దక్షిణమున. మనకు దక్షిణముఖపు స్థలమన్నచో ధర తగ్గును. వారికి అదియే పెరుగును.

ఇంకొక్క సంగతి వినుడు. వీధిగుమ్మమునకు ఎదురుగ పెరటిగుమ్మమున్నచో ఇంటిలోని ప్రాణశక్తి నిలువక పారిపోవునని ఫెంగ్ షుయి చెప్పును. అడ్డముగ తెర యైనను కట్టుమనును. మన పల్లెటూరి పెంకుటింటిలో అరుగుమీద కూర్చున్నవానికి వీధిగుమ్మము, నడవగుమ్మము, వంటింటిగుమ్మము ఒకే వరుసలోనుండి, ఆ చివర పెరటిలోని తులసికోట కనబడవలెను. గుమ్మములు వరుస తప్పినచో దోషమని మన వడ్రంగి పని ఆపివేయును. చలిదేశమువాడు గాలిని ఆపుకొనగోరును. ఉక్కదేశమువాడు దానిని నడిపించుకొనగోరును. మే నెలలో మన యింట ఆ వరుసకు అడ్డముగ చీనావారి మాటవిని తెరకట్టిన ఇల్లాలికి రాత్రి నిద్ర పట్టునా?

వీధిపోటు విషయమున మాత్రము రెండు దేశములును ఏకాభిప్రాయులు. తిన్నగ వచ్చిన వీధి ఏ యింటిని తగిలి ఆగునో ఆ యింటికి కీడని ఇద్దరును చెప్పిరి. పూర్వము పగ్గము తెంచుకొన్న ఎద్దులబండికి, నేడు బ్రేకు తప్పిన లారీకి ఆ యింటి గోడయే ఎదురు. రాత్రి బండ్ల దీపములు పడకగదిలో పడును, ఎండకాలము దుమ్మంతయు ఆ యింటికే చేరును. ఇది దేశముతో పనిలేని సంగతి.

ఇక మన గాలి, మన ఎండ ఎట్టివో చూతము. మన మూడు పట్టణములును ఉత్తర అక్షాంశము 16 డిగ్రీలకు కొంచెము అటునిటు గలవు. మధ్యాహ్నము సూర్యుడు సంవత్సరములో చాలభాగము మన నడినెత్తికి దక్షిణముగ నుండును. మే మొదటివారమునుండి ఆగష్టు మొదటివారము వరకు మాత్రము కొంచెము ఉత్తరమునకు జరుగును. దక్షిణపు కిటికీపై రెండడుగుల సన్‌షేడు వేసినచో, మార్చి, సెప్టెంబరు నెలలందు మిట్టమధ్యాహ్నమున దాదాపు ఏడడుగుల నీడ గోడమీద పడును. అదే సన్‌షేడు పడమటి కిటికీపై వేసినచో, సాయంత్రము నాలుగు గంటలకు దాని నీడ అడుగుమాత్రమే. పడమటి గోడ పగలంతయు కాగి, రాత్రి పదిగంటలదాక ఆ వేడిని మన పడకమీదికి విడుచును. పడమటను, దక్షిణమునను పెద్దచెట్లు ఉండవచ్చునని, తూర్పును, ఉత్తరమును తెరపిగ విడువుమని వాస్తువు చెప్పిన మాట ఈ ఎండకు చక్కగ కుదిరినది. చెట్టు పెంచుటకు చోటులేనివారు ఆ వైపు వసారా దింపుకొనవచ్చును. బీరువాలు, స్నానపుగది, మెట్లు ఆ వైపునకు త్రోసి, పడకను దూరముగ ఉంచుకొనవచ్చును.

వేసవి మధ్యాహ్నము దాటిన పిమ్మట సముద్రమునుండి పైరగాలి వచ్చును. సూర్యలంక తీరమునకు చేరువనున్న బాపట్లకు అది ముందు తగులును. రేపల్లెకు నిజాంపట్నపు వైపునుండి చేరును. తెనాలికి వచ్చుసరికి కొంత అలసియుండును. అది దక్షిణ, ఆగ్నేయములనుండి వచ్చు గాలి. అది రాని దినమున పడమటి వడగాలి వచ్చి మనుష్యులను చంపును. కావున మన సీమలో దక్షిణపు గోడను కిటికీ లేకుండ మూసివేయుట ఆత్మహింస యని నా అభిప్రాయము. దక్షిణము యమస్థానమను భయముతో ఆ వైపున ఒక్క కిటికీయైన లేని యిండ్లను పెక్కింటిని చూచితిని. ఆ యిండ్లలో విద్యుచ్ఛక్తి బిల్లు మాత్రము యమునికంటె క్రూరము.

ఈ చోట ఒక హెచ్చరిక చేయవలసియున్నది. శాస్త్రమును సమర్థింపవలెనను ఉత్సాహముతో, ప్రతి సూత్రమునకును ఒక విజ్ఞానకారణమును అతికించువారు ఈ మధ్య బయలుదేరిరి. ఆగ్నేయమున వంటిల్లు ఎందుకనగా, గాలి నైరుతినుండి వచ్చును గనుక పొగ ఇంటిలోనికి రాదట! నైరుతి ఋతుపవనము వీచు నెలలకు ఆ మాట కొంత సరిపోవచ్చును. బాపట్లలో ఏప్రిలు నెల సాయంకాలము ఆగ్నేయపు వంటింటిలో కట్టెలపొయ్యి వెలిగించి చూచినచో, పైరగాలి ఆ పొగనంతయు తిన్నగ పడకగదిలోనికి తెచ్చును. ఆగ్నేయము అగ్నికి నెలవని దిక్పాలకుల వరుసలో చెప్పిరి; అది భక్తికి సంబంధించిన క్రమము. నమ్మువారు నమ్మవచ్చును. దానిని గాలిశాస్త్రమని చెప్పుట గాలికిని, భక్తికిని కూడ మర్యాద కాదు. వంటగ్యాసు వచ్చిన పిదప పొగ బెడద తగ్గినది గనుక, వంటయిల్లు ఎచ్చట నున్నను వేడి పోవుటకు పైన వెంటిలేటరున్నచో చాలును.

నేలను గూర్చి వరాహమిహిరుడు చెప్పిన పరీక్షలు నాకు ఇష్టమైనవి. మూర లోతు, మూర వెడల్పు గోయి త్రవ్వి, ఆ మన్నుతోనే మరల పూడ్చవలెను. మన్ను మిగిలినచో నేల మంచిది, సరిపోయినచో మధ్యమము, చాలకున్నచో చెడ్డది. లేదా ఆ గోతిని నీటితో నింపి, నూరడుగులు నడచి తిరిగివచ్చి చూడవలెను. నీరు తగ్గకున్నచో మంచినేల. ఇది గోయి త్రవ్వి కంటితో చూచి చెప్పిన మాట. నేటి ఇంజనీర్లును నేలను ఇట్లే గోయి త్రవ్వియే పరీక్షింతురు. అయినను ఫలితమును చదువుటలో స్థలభేదమున్నది. తెనాలి వైపు నల్లరేగడి ఈ రెండు పరీక్షలలోను సులభముగ ఉత్తీర్ణమగును. ఆ నేలయే వానకు ఉబ్బి, ఎండకు బీటలువారి, పునాదిని పైకెత్తి క్రిందికి దింపి, గోడను మూలనుండి మూలకు పగులగొట్టును. అట్టి నేలకు బల్బువలె అడుగున వెడల్పైన కాంక్రీటు దిమ్మలను దింపు పద్ధతిని రూర్కీలోని కేంద్ర భవన పరిశోధనాలయమువారు రూపొందించిరి. బాపట్ల ఇసుకనేల నీటి పరీక్షలో తప్పును. గోతిలోని నీరు నూరడుగులు నడచులోపలనే ఇంకిపోవును. కాని ఇసుక ఉబ్బదు, బీటలువారదు; చుట్టు కట్టుదిట్టముగ నున్నచో దానిమీద ఇల్లు నిశ్చింతగ నిలుచును. గోడ పగిలిన ప్రతివాడును దిక్కును నిందించును. తెనాలిలో పగిలిన గోడలలో అధికభాగము రేగడి చేసిన పనియేనని నేను గట్టిగ చెప్పగలను.

ఇసుక నీటిని త్వరగ ఇంకించుకొనునను ఆ గుణమే మరియొక చోట ప్రాణముమీదికి తెచ్చును. నేను ముఖ్యముగ చెప్పదలచినది ఈ సంగతియే.

బాపట్ల దగ్గర ఒక పల్లెలో, పేరు చెప్పను, ఐదు సెంట్ల చొప్పున విడదీసిన స్థలములలో ప్రక్కప్రక్కన రెండిండ్లున్నవి. రెండింటివారును బంధువులు కూడ. ఒకరినొకరు అన్నయ్య, బావ యని పిలుచుకొనువారు. పడమటి యింటివారు శాస్త్రప్రకారము ఈశాన్యపు మూలన నుయ్యి త్రవ్వించిరి. తూర్పింటివారు శాస్త్రప్రకారమే వాయవ్యమున మరుగుదొడ్డి కట్టి, దాని ప్రక్కనే సెప్టిక్ ట్యాంకు, ఇంకుడుగుంట పెట్టించిరి. ఇద్దరిలో ఎవరును తప్పుచేయలేదు. ఇప్పుడొక కాగితము తీసికొని రెండు చతురస్రములను ప్రక్కప్రక్కన గీసి చూడుడు. పడమటి యింటి ఈశాన్యమెక్కడ? తూర్పింటి వాయవ్యమునకు అంటుకొనియే! నడుమనున్నది తొమ్మిదంగుళముల ప్రహరీగోడ. కొలిచినచో నూతికి, ఇంకుడుగుంటకు నడుమ తొమ్మిది అడుగులు. త్రాగునీటి నూతికి, ఇంకుడుగుంటకు కనీసము 15 మీటర్ల ఎడముండవలెనని పారిశుధ్యము తెలిసినవారు చెప్పుదురు. 15 మీటర్లనగా సుమారు 50 అడుగులు. గోడకు పైన దిక్కులున్నవి, హద్దులున్నవి. గోడకు దిగువ ఇసుక, ఆ ఇసుకలో నీరు మాత్రమే ఉన్నవి.

రెండేండ్లు గడచుసరికి పడమటి యింటిలో పిల్లలిద్దరికి పచ్చకామెర్లు వచ్చెను. పెద్దపిల్లకు తగ్గి చిన్నవానికి, చిన్నవానికి తగ్గి తల్లికి. ఊరిలో పసరుమందు పోయించిరి. ఒక సిద్ధాంతిని పిలిపించిరి. ఆయన ఇల్లంతయు కలయదిరిగి, నూతిని చూచి మెచ్చుకొని, ఉత్తరమున నున్న మేడమెట్లు ఈశాన్యమునకు బరువైనవి గనుక కొట్టివేయవలెననియు, వంటింటి గోడను మూడడుగులు జరుపవలెననియు చెప్పెను. ఆ యిల్లాలు గాజులు కుదువబెట్టి సొమ్ము తెచ్చినది. మెట్లు పోయినవి, వంటింటిగోడ కదిలినది, గోడమీద ఆనియున్న దూలమునకు ఆధారము తగ్గినది. కామెర్లు మాత్రము పోలేదు. ఇదంతయు జరిగిన తరువాత, పగిలిన స్లాబును చూచుటకు నన్ను పిలిచిరి. స్లాబుకంటె ముందు నాకు నుయ్యి కంటబడినది. నీరు తీయించి పరీక్షకు పంపితిమి. మలసంబంధమైన సూక్ష్మజీవులున్నవని నివేదిక వచ్చినది. నాటినుండి ఆ నీరు మొక్కలకును, గిన్నెలు తోముటకు కాక వాకిలి చల్లుటకును మాత్రమే వాడిరి. త్రాగుటకు కుళాయినీరు కాచి వాడిరి. ఆ యింట మరల ఎవరికిని కామెర్లు రాలేదు. గాజులు మాత్రము తిరిగి రాలేదు.

తూర్పింటి పెద్దాయనతో ఈ సంగతి చెప్పబోయినప్పుడు, మొదట ఆయన నొచ్చుకొనెను. నా దొడ్డి శాస్త్రప్రకారము కట్టినదని మరల మరల అనెను. నిజమే. ఆ శాస్త్రము పుట్టినాటికి ఐదు సెంట్ల స్థలములు లేవు, సెప్టిక్ ట్యాంకులు లేవు. ఇంటికి చుట్టును పెరడు, దొడ్డి విశాలముగ నుండెడివి; జనులు పొలమునకు పోవుచుండిరి. ప్రతి గృహస్థుడును తన స్థలమునే ఒక ప్రపంచముగ భావించి దిక్కులు చూచుకొన్నను చెల్లినది. ఇప్పుడు మన ఈశాన్యము పొరుగువాని వాయవ్యము, మన ఆగ్నేయము మరియొకరి నైరుతి. ఇల్లు కట్టునప్పుడు మన స్థలపటముతోపాటు నాలుగువైపుల వారి నుయ్యి, బోరు, ట్యాంకు ఎచ్చటనున్నవో గూడ అదే కాగితముమీద గుర్తించుడు. ఇంతవరకు ఆ పటము అడిగిన సిద్ధాంతిని గాని, మేస్త్రిని గాని నేను చూడలేదు. తరువాత ఆ బావాబామ్మరదులిద్దరును కలిసి ఖర్చు భరించి, ఇంకుడుగుంటను తూర్పింటి ఆవలి మూలకు మార్చుకొనిరి. అది ఈశాన్యమా యని నన్నడుగవద్దు. అది నూతికి దూరము.

నేల వాలును గూర్చియు కొంచెము చెప్పవలెను. ఈశాన్యము పల్లముగ నుండవలెనని సూత్రము. మన కృష్ణా పశ్చిమ డెల్టా మొత్తము సముద్రము వైపునకు, దక్షిణమునకు వాలియున్నది. 1855 నాటికి పూర్తియైన ఆనకట్టనుండియు, 1957లో దాని స్థానమున వచ్చిన ప్రకాశం బ్యారేజినుండియు బయలుదేరిన కాలువలన్నియు ఆ వాలునే నమ్ముకొని పారుచున్నవి. తెనాలిని ఆంధ్రా పారిస్ అని పిలుచుటకు కారణమైన మూడు కాలువలును అంతే. వీధి మురుగుకాలువ దక్షిణమునకు పారుచుండగా, ఇంటి వాకిటి నీరు ఈశాన్యమునకు త్రిప్పినచో, అది పోవు చోటులేక గోడ ప్రక్కనే నిలుచును. నిలిచిన నీటిలో దోమలు పుట్టును. కావున ముందు వీధికాలువ ఎటు పారుచున్నదో చూచి, తరువాత వాకిలి వాలు నిర్ణయింపవలెను. రోడ్డు వేసిన ప్రతిసారియు ఎత్తు పెరుగుచున్నది, ఇల్లు దిగిపోవుచున్నది. పునాది ఎత్తు రోడ్డుకంటె మూడడుగులకు తక్కువ పెట్టువానికి ఏ దిక్కును దిక్కు కాదు.

రేపల్లె, కొల్లూరు వైపు కృష్ణ లంకలలో నున్నవారికి ఈ మాట నేను చెప్పనక్కరలేదు. 2009 అక్టోబరులో వచ్చిన వరదను మించి, 2024 సెప్టెంబరు మొదట ప్రకాశం బ్యారేజివద్ద 11 లక్షల 40 వేల క్యూసెక్కులకు పైగ నీరు వచ్చినప్పుడు, తూర్పుముఖపు ఇల్లు, దక్షిణముఖపు ఇల్లు అను భేదము లేకుండ మునిగినవి. మెరకమీది యిల్లు మాత్రము మిగిలినది. రాజధాని అమరావతికి 2015లో శంకుస్థాపన చేసిననాడు వాస్తువును గూర్చి మిక్కిలి చర్చ జరిగినది. అచ్చట పల్లపు నీటిని కృష్ణలోనికి ఎత్తిపోయుటకు 2018లో కొండవీటివాగుపై మోటారులు అమర్చవలసివచ్చినది. నీటి సంగతి నీటితోనే తేల్చుకొనవలెను.

గాలివాన సంగతి తలచుకొన్నచో నా వయసువారికి నేటికిని ఒడలు జలదరించును. 1977 నవంబరు 19న వచ్చిన ఉప్పెనలో దివిసీమ తుడిచిపెట్టుకొనిపోయినది. పదివేలకు పైబడి మరణించిరి. బాపట్లలో ఒక ప్రార్థనామందిరమున తలదాచుకొన్న వారు ఇంచుమించు నూరుమంది, ఆ కట్టడము కూలి ప్రాణములు విడిచిరి. 1990 మే నెలలో మరియొకటి వచ్చెను. 2023 డిసెంబరు 5న మిగ్‌జాం తుపాను బాపట్ల దగ్గరనే తీరము దాటినది. తుపాను నేరుగ మనమీదికి వచ్చునప్పుడు గాలి మొదట ఈశాన్యమునుండి కొట్టును; దాని కన్ను దాటునప్పుడు కొంతసేపు నిశ్శబ్దముగ నుండి, పిమ్మట ఎదురు దిక్కుగ నైరుతినుండి విరుచుకొనిపడును. ఆ నిశ్శబ్దమున తుపాను వెళ్లిపోయినదని బయటకు వచ్చి చచ్చినవారు కలరు. నైరుతి గోడ బలముగ నుండవలెనను సూత్రము ఇందువలన పుట్టినదని నేను చెప్పజాలను. నైరుతి గోడతోపాటు నాలుగు గోడలును బలముగ నుండవలెనని, పైకప్పును గోడకు, గోడను పునాదికి ఇనుముతో బిగింపవలెనని మాత్రము చెప్పగలను. మన తీరపు పాత చుట్టిండ్లను చూడుడు. గుండ్రని మట్టిగోడ, వంగి నేలను తాకబోవు తాటాకు కప్పు. గాలికి పట్టుకొనుటకు ఒక మూలయే లేదు! మూలలు లేని యింటికి ఈశాన్యము ఏ మూలయో ఎవరు చెప్పగలరు? అందుండియు జనులు బ్రదికిరి, పిల్లలను కనిరి, పొలములు దున్నిరి.

ఇంటిని మార్చదలచినవారికి ఒక మాట. ఇటుకగోడలమీద స్లాబు నిలిచిన యిండ్లలో ప్రతిగోడయు మోయుచున్న గోడయే. గుమ్మమును ఒకచోట మూసి మరియొకచోట తెరచుట కాగితముమీద సులభము. ఆ పైన దూలమున్నదా, లింటెలు వేయుటకు చోటున్నదా యని తెలిసినవారు చూడకుండ గునపము పట్టరాదు. ఇంటివారి మనస్సునకు శాంతి లేనిచో, గోడ కొట్టుటకు ముందు పడకగది మార్చి చూడుడు, పొయ్యి జరిపి చూడుడు, సామాను తీసి గది ఖాళీచేసి చూడుడు. మనస్సునకు శాంతి కావలెననుట తప్పు కాదు. వడ్డీకి తెచ్చిన సొమ్ముతో దానిని కొనుట నాకు నచ్చదు. ఆడపిల్ల పెండ్లికని దాచిన సొమ్ము మెట్లు కూలగొట్టుటకు పోయిన యిండ్లు నాకు నాలుగు తెలియును.

ఇక కార్యవర్గమువారు నన్ను ప్రత్యేకముగ అడిగిన ప్రశ్నలు రెండున్నవి. మొదటిది, గ్రంథాలయపు దక్షిణద్వారమును మూసి తూర్పున కొత్తద్వారము పెట్టవలెనా యని. ఈ భవనము కట్టి పాతికేండ్లయినది. ఆ ద్వారముగుండ ఎందరు పిల్లలు వచ్చి చదువుకొని ఉద్యోగములకు పోయిరో మీకే తెలియును. పైరగాలి వచ్చునదియు ఆ ద్వారముననే. దానిని మూసినచో మధ్యాహ్నము మూడుగంటల తరువాత పఠనమందిరములో ఎవరును కూర్చుండలేరు. ద్వారమునకై కేటాయించిన సొమ్మును పడమటి గోడకు వెలుపల వసారా దింపుటకును, వానలో మెట్లు మునుగకుండ వాకిలి ఎత్తుచేయుటకును వాడుడని నా సలహా.

రెండవది, బీరువాలను ఏ గోడకు చేర్చవలెనని. పడమటి గోడ కాగును, వానకాలమున చెమ్మగిల్లును. పుస్తకమునకు ఆ రెండును శత్రువులు. బీరువాలను తూర్పుగోడవైపు, గోడకు జానెడు ఎడముగ, నేలకు జానెడెత్తున ఇటుకలమీద నిలుపుడు. ఉత్తరపు కిటికీల క్రింద చదువుకొను బల్లలు వేయుడు. ఎండపొడ లేని నిలకడైన వెలుగు అచ్చట పగలంతయు నుండును. మే, జూన్, జూలై నెలలలో సూర్యుడు కొంచెము ఉత్తరమునకు వచ్చినను, మధ్యాహ్నము అంత ఎత్తున నుండువానిని జానెడు చూరు చాలును ఆపుటకు. పెరటిలోని నుయ్యి గూర్చి మీరడుగలేదు గాని, మరుగుదొడ్డి కొత్తగ కట్టుచున్నారని వింటిని. రేపు ఉదయము టేపు తెచ్చెదను. నూతినుండి కొలిచి, దానికి చోటు చూతము.